యాభై ఒక్క ఓట్లు కాదన్నాక

"ఆ కాగితాలు నావి!" అంది కొరిన్, సెనేట్ మెట్ల మీద ఎదురైన కుర్రాడి చేతిలోంచి కట్ట లాక్కుంటూ.

"మీవే. అందుకేగా వానలో పరిగెత్తుకొచ్చాను," అన్నాడతను రొప్పుతూ. "కింద జిరాక్సు మిషన్ దగ్గర కట్టలు మారిపోయాయి. మీ దగ్గరున్నది మా సెనేటరుగారి ప్రసంగం."

కొరిన్ గబగబా తన దగ్గరున్న ఫైలు తెరిచింది. 'ఈ అత్యవసర పరిస్థితి కొనసాగి తీరాలి' అని మొదటి వాక్యమే వెక్కిరించింది.

అమెరికాలో ఇంధన అత్యవసర పరిస్థితి ఉందన్న అధ్యక్షుడి ప్రకటనను రద్దు చేయాలని తీర్మానం పెట్టింది కొరిన్ సహాయకురాలిగా పనిచేసే మిషిగన్ సెనేటరమ్మే. మరో పది నిమిషాల్లో చర్చ. ఆవిడ ప్రసంగం రాస్తూ మూడు వారాలుగా కొరిన్ కంటి మీద కునుకు లేదు. ఆ ప్రకటననే సాకుగా చూపి, కొరిన్ వాళ్ళ నాన్న చేపలు పట్టే సరస్సు అడుగున వేసే చమురు పైపులైను అనుమతికి ఏళ్ళు పట్టే విచారణను వారాల్లో ముగించేస్తున్నారు.

"కావాలనే మార్చారా?"

"కావాలని మార్చినవాణ్ణయితే ఇలా తడిసిన కోడిలా తిరిగివ్వడానికొస్తానా? లోపల కూర్చుని తమాషా చూసేవాణ్ణి."

"మరెందుకిచ్చారు?"

"ఓడిస్తే మాటతో ఓడించాలి గానీ జిరాక్సు మిషన్‌తోనా?"

నవ్వొచ్చింది గానీ కొరిన్ ఆపుకుంది. "చదివారా?"

"మొదటి పేజీయే..." అతను తల గోక్కున్నాడు. "అబద్ధం. అంతా చదివాను. మీ నాన్నగారి పడవ గురించి మీరు రాసిన పేజీ అయితే రెండుసార్లు. నా పేరు వెండెల్. మాది వయోమింగ్. మా నాన్న బొగ్గు కరెంటు ప్లాంటులో ఫోర్‌మన్. ఈ ప్రకటన వల్లే అది మూతపడకుండా ఆగింది."

అతని కనురెప్పల మీది వాన చుక్కలు చూస్తూనే కొరిన్ వాళ్ళ సెనేటరు ప్రసంగం అతని చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తింది.

సెనేటరమ్మ అద్భుతంగా మాట్లాడింది. అయినా తీర్మానానికి నలభై ఎనిమిది ఓట్లే పడ్డాయి. యాభై ఒక్కరు కాదన్నారు.

కొరిన్ బయటి వరండాలో బెంచీ మీద కూలబడింది. నాన్నకు ఫోను చేయాలి. నంబరు దాకా వెళ్ళి ఫోను మళ్ళీ సంచిలో పెట్టేసింది. కాసేపటికి వెండెల్ రెండు సూపు గిన్నెలతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"గెలిచారుగా, వెళ్ళి సంబరాలు చేసుకోండి."

"చేసుకుందామనే వెళ్ళాను. కూర్చోబుద్ధి కాలేదు."

"మేం ఊరుకోం. ఆరు నెలలు పోతే చట్టప్రకారం ఇదే తీర్మానం మళ్ళీ తేవచ్చు."

"తెలుసు. ఆ తేదీ క్యాలెండరులో రాసుకున్నాను."

"మళ్ళీ ఓడించడానికా?"

"కాదు," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రోజు మీరు తప్పకుండా వస్తారు కదా అని."

కొరిన్ గిన్నె అందుకుని అతని వంక తేరిపార చూసింది.

"ఆరు నెలలా? అంత ఓపిక నాకు లేదు. శనివారం పొద్దున మా ఇంటికి రా. పాన్‌కేకులు వేస్తాను. పోట్లాట అక్కడే పెట్టుకుందాం."

"'రా' అన్నారా?"

"అన్నాను. అభ్యంతరముంటే ఓటింగు పెట్టు."

"ఏకగ్రీవం!" అన్నాడు వెండెల్, అక్కడున్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా.

ఓడిపోయిన రోజు కూడా అంత ఆకలేస్తుందని కొరిన్‌కు అప్పుడే తెలిసింది. తన సూపు తాగేసి, అతని గిన్నెలోనూ చెంచా పెట్టింది.