అతుకు పక్కన చెయ్యి

చింతామణి బస్టాండు వెనక మేడ మీద ఆఫీసు. నీడపట్టున కూర్చుని చేసే పని కాబట్టి, ఐదో నెల నడుస్తున్నా నేత్ర మానలేదు. ఎక్కడో దూరాన ఉన్న అణు విద్యుత్ కేంద్రం వాళ్ళు తమ పాత రికార్డులన్నీ కంప్యూటర్‌కి ఎక్కించమని ఆ ఆఫీసుకు కాంట్రాక్టు ఇచ్చారు. నేత్ర వంతుకు వచ్చినవి పైపుల అతుకులకు తీసిన ఎక్స్‌రే ఫిల్ములు. కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో ఒక్కో ఫిల్మునూ లైటుపెట్టె మీద పెట్టి చూడాలి, స్కాన్ చేసి మళ్ళీ డబ్బాలో సర్దాలి.

ఆ రోజు పెద్దల అమావాస్య. అది చాలదన్నట్టు సాయంత్రం సూర్యగ్రహణం కూడా. ఇంకొకప్పుడైతే అత్త జయలక్ష్మమ్మ కోడల్ని గడప దాటనిచ్చేది కాదు. ఇంతకుముందు రెండు కడుపులూ నిలవలేదు. ఈ బిడ్డ మీదే ఆమె ప్రాణాలన్నీ పెట్టుకుని ఉంది. కానీ మరునాడు డబ్బాలు తీసుకుపోను లారీ వస్తుందని మేనేజరు మోహన్‌కుమార్ ఇంటికే ఫోన్ చేసి బతిమాలాడు. జయలక్ష్మమ్మ, ఎండపొడ పడని ఆ చీకటిగది మన ఇంటికన్నా మేలే కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

"కత్తి, కత్తెర ముట్టద్దు తల్లీ," అంది కోడలి కొంగున దర్భపోచ ముడేస్తూ. "గ్రహణం విడిచేదాకా ఏదీ కొయ్యద్దు."

గదిలో పాత ఫిల్ముల పులిసిన వాసన. బయట గ్రహణం పట్టినట్టుంది, వీధిలో అలికిడే లేదు. నేత్ర ఆఖరి డబ్బాలోని ఆఖరి ఫిల్ము తీసి వెలుతురులో పెట్టింది.

పైపు అతుకు పక్కన... ఒక చెయ్యి.

మాంసం లేదు, ఎముకలే. ఐదు వేళ్ళూ విప్పుకుని ఉన్నాయి. ఒక వేలికి నొక్కుపడిన ఉంగరం. ఎవరో కూలివాడు ఫిల్ము పట్టుకుని ఉంటే, వాడు చెయ్యి తీసేలోపలే మిషను వేసేసి ఉంటారు, పాపం. ఎప్పటి ఫిల్మో, వాడు ఈపాటికి పోయే ఉంటాడు, ఇంటింటా పెద్దలకు పెడుతున్న ఈ పూట వాడి పేరున ముద్ద పెట్టేవాళ్ళు ఉన్నారో లేరో అనుకుని నేత్ర నిట్టూర్చింది.

పిలిస్తే మోహన్‌కుమార్ వచ్చి చూసి చిరాకుపడ్డాడు. ఇది పంపిస్తే ఆ కేంద్రం వాళ్ళు నూరు ప్రశ్నలు వేస్తారట.

"అతుకు కనిపిస్తే సాలమ్మా. ఆ చెయ్యి కట్ చేసెయ్," అని వెళ్ళిపోయాడు.

నేత్ర ఫిల్మును స్కాన్ చేసి మళ్ళీ లైటుపెట్టె మీద పెట్టింది. కంప్యూటర్లో కట్ చేసే పనికి ఒక కత్తెర బొమ్మ ఉంది. అత్త మాట గుర్తొచ్చి నేత్ర నవ్వుకుంది. బొమ్మ కత్తెర కూడా కత్తెరేనా ఎక్కడైనా! తొందరలో మణికట్టు మీద ఏటవాలుగా గీత గీసి నొక్కింది.

కంప్యూటర్లో చెయ్యి పోయింది.

లైటుపెట్టె మీద ఉన్న ఫిల్ములోనూ... పోయింది.

నేత్ర కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మొండి మణికట్టు మిగిలింది, అంతే. అప్పుడే కరెంటు పోయింది. పులిసిన వాసన ముక్కు దగ్గరికొచ్చింది. డబ్బాలో ఫిల్ములు గరగరమన్నాయి... ఆగిపోయాయి. చీర మీదుగా కడుపుకు చల్లగా ఏదో తగిలింది. ఒక వేలు. తర్వాత మరొకటి... ఉంగరం.

ఎలా మెట్లు దిగిందో ఆమెకే తెలియదు. గ్రహణపు మసక ఎండలోనే ఇంటికి పరుగెత్తింది. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. కత్తెర ముట్టానని ఆ అత్తకు ఏ మొహంతో చెబుతుంది? బిడ్డ చెయ్యి లేకుండా పుడుతుందేమోనని రాత్రంతా కడుపు మీద చేతులు పెట్టుకుని మేలుకునే ఉంది.

ఆ వారంలోనే స్కానింగు. అత్త పక్కనే నిలబడి కోడలి చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ తెర మీద చూపిస్తూ, "రెండు చేతులూ ఉండాయి, వేళ్ళన్నీ సరిగ్గా ఉండాయి. ఏడుస్తావెందుకమ్మా?" అంది. అత్తాకోడళ్ళిద్దరికీ ప్రాణం లేచొచ్చింది. సంతోషం పట్టలేక జయలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంది.

డాక్టరమ్మ మాత్రం భుజాలు ముందుకు వంచి తెరలోకి చూసింది.

"పక్కన ఏందో మరక పడతాండాది. ఉండు, అది కట్ చేసి ప్రింటు ఇస్తా."

నేత్ర తల తిప్పింది. బిడ్డ పక్కన... పెద్ద మనిషి చెయ్యి. ఒక వేలికి నొక్కుపడిన ఉంగరం. మణికట్టు దగ్గర ఏటవాలుగా తెగి ఉంది.

డాక్టరమ్మ వేలు మీట మీదికి పోతోంది.

"వద్దు..." నేత్ర చెయ్యి అడ్డం చాచింది. "కొయ్యద్దండి..."

తెర మీద బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అది కొట్టుకున్నప్పుడల్లా ఆ ఐదు వేళ్ళూ ముడుచుకుంటున్నాయి... విప్పుకుంటున్నాయి.