పొద్దుటి నిద్ర

పాలు తాగించి, తెర లాగి, స్మరాందా కొడుకుని తొట్టిమంచంలో పడుకోబెట్టింది. మొన్నమొన్నటిదాకా పొద్దున ఈ వేళకి తుదోర్ కళ్లు వాటంతటవే వాలిపోయేవి. వాడు లేచేలోగా ఆమె కుట్టుపని చేసుకునేది. ఏడాది నిండి కాస్త నడక వచ్చాక, పడుకోబెట్టగానే కమ్మీలు పట్టుకుని నిలబడి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

భర్త గావ్రిల్ లారీ తోలుకుంటూ ఎక్కడో జర్మనీలో ఉన్నాడు. శనివారం ఇవ్వాల్సిన పెళ్లి గౌను ఇంకా చేతులు కుట్టకుండానే బల్ల మీద పడి ఉంది.

"మళ్లీ ఏడిపిస్తున్నావా వాణ్ణి?" పెరట్లోంచి అత్తగారు పరాస్కీవా కేకేసింది. "మా గావ్రిల్ ఇంత గోల ఎప్పుడూ చెయ్యలేదమ్మా!"

"అయితే ఆయన్నే వచ్చి జోకొట్టమనండి!"

స్మరాందా వంటింట్లోకి నడిచింది. గూట్లో ఎండబెట్టిన గసగసాల కాయలున్నాయి. పూర్వం వాటి కషాయం పట్టి పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్లని పక్కింటావిడ చెప్పింది. వాటిని కాచి పాలసీసాలో పోసింది.

వాసన పట్టి పరాస్కీవా గబగబా లోపలికొచ్చింది.

"ఏం కాచావ్?"

"కాసేపు పడుకుంటాడంతే అత్తయ్యా. మీ కాలంలో అందరూ పట్టేవాళ్లటగా!"

పరాస్కీవా సీసా లాక్కుని అంట్ల తొట్లో ఒంపేసింది.

"పట్టేవాళ్లు. కోతలకెళ్తూ మా అమ్మా పట్టింది, మా తమ్ముడికి. సాయంత్రం వచ్చి లేపితే... లేవలేదు."

స్మరాందా నేలమీద కూలబడింది. "నేనసలు తల్లినేనా? ఎంత పని చెయ్యబోయాను! ఇక నావల్ల కాదత్తయ్యా..."

పెద్దావిడ కూడా పక్కనే చతికిలబడింది. "రోజూ వాడి ఏడుపు వింటూనే ఉన్నా. పెరట్లోంచి కేకలేశానేగాని ఒక్కసారీ లోపలికొచ్చి ఎత్తుకోలేదు. వాడికి రోగమూ లేదు, మొండితనమూ లేదు. పుట్టినప్పుడు పగలంతా పడుకున్నాడు. తర్వాత మూడు కునుకులు, ఆ తర్వాత రెండు. ఇప్పుడు పొద్దుటిది వద్దంటున్నాడు. ఎదుగుతున్నాడే పిచ్చిదానా!"

"మరి నా పని?"

"నేను చచ్చానా?"

పరాస్కీవా మనవణ్ణి చంకనేసుకుని చిక్కుడు పాదుల్లోకి తీసుకెళ్లింది. వాడు మట్టి చిమ్ముతూ, కోళ్ల వెంట తప్పటడుగులేస్తూ కేరింతలు కొట్టాడు. మధ్యాహ్నం సూపు తాగుతూనే కళ్లు మూతలుపడి నాయనమ్మ భుజం మీద వాలిపోయాడు.

వాణ్ణి పడుకోబెట్టి స్మరాందా మిషను దగ్గరికెళ్లబోతే, అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"గౌనుకి కాజాలు నేను కుడతాలే. నువ్వు పడుకో తల్లీ."

ఆ ఇంట్లో ఆమెని 'తల్లీ' అని పిలవడం అదే మొదటిసారి. స్మరాందా కొడుకు పక్కనే ఒరిగి, ఏడుస్తూ ఏడుస్తూనే నిద్రపోయింది.