వెచ్చని రేకు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే సర్దుకోండి. నా రాత నిదానమే గానీ కథ మాత్రం పరుగు మీద ఉంటుంది.

"సముద్రం అడుగు నుంచి గ్యాస్ తెచ్చే పైపును శత్రువులు పేల్చబోతున్నారు. బాంబుతో కాదు, చలితో," అన్నాడు చీఫ్. "గ్యాస్ చల్లబడితే అందులోని తడితో కలిసి మంచులా గడ్డకడుతుంది. పేరు హైడ్రేట్. ఇరవై డిగ్రీల కిందికి దిగనివ్వకు."

పిచ్చుక అని పిలిచే ఆ ఏజెంట్, పైపులకు ఇన్సులేషన్ చుట్టే కూలీ వేషంలో వాల్వ్ గదిలోకి దిగింది. కిటికీ లేదు. ఎముకలు కొరికే చలి. వెనకే తనిఖీ అధికారిణి వచ్చింది. బొచ్చుకోటు, గుప్పుమనే సెంటు.

ఆవిడ పైపు మీది రేకును తడిమింది. "ఎంత వెచ్చగా ఉందో! ఇన్సులేషన్ భేషుగ్గా ఉంది. పద పైకి."

పిచ్చుక కదల్లేదు. "తనిఖీ చేసేవాళ్లు ఆ మాట అనరు మేడమ్. ఇన్సులేషన్ బాగుంటే వేడి లోపలే ఉంటుంది, రేకు చల్లగా ఉంటుంది." చటుక్కున రేకు ఊడదీసింది. లోపల ఫోమ్ లేదు. మూడు గజాల పైపు బోసిగా ఉంది.

మేడమ్ చేతిలోకి లిప్‌స్టిక్ పిస్తోలు వచ్చింది. అంతలో పైన ఇనుప తలుపు ధన్‌మని మూసుకుంది.

"ఏయ్! నేనింకా లోపలే ఉన్నా!"

"తెలుసు," అంది బయట మగగొంతు.

పైపులో హోరు ఆగిపోయింది. గోడ ఫోన్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ గబగబా చెప్పాడు. "మెయిన్ వాల్వ్ మూసి టైమర్ పెట్టారమ్మా. పాతిక నిమిషాలకు అదే తెరుచుకుంటుంది. ఆపడం నా వల్ల కాదు. ఈలోగా గడ్డ కట్టిందా, అది తూటాలా వచ్చి మీ గదిలోని పైపు వంపును చీల్చేస్తుంది."

థర్మామీటర్ ఇరవై తొమ్మిది. రెండు నిమిషాలకో డిగ్రీ దిగుతోంది.

"కోటు విప్పు," అంది పిచ్చుక.

"ఇది అసలు బొచ్చు!"

"నీ ప్రాణం కూడా అసలుదేగా!"

పిస్తోలు కింద పడింది. కోటు, పిచ్చుక జాకెట్, స్వెటర్లు, శాలువా అన్నీ పైపుకు చుట్టి టేపుతో బిగించారు. ముల్లు నెమ్మదించింది. ఇరవై రెండు. ఇరవై ఒకటి.

"తలుపు వేసిందెవరు?"

"వాడి పేరేంటి, వాళ్లమ్మ పేరు కూడా చెప్తా," అంది మేడమ్, పళ్లు కటకటలాడుతుంటే. పిచ్చుక ఆ పేరును ఫోన్‌లో చేరవేసింది.

ఇరవైన్నర. టక్‌మని చప్పుడు. పైపు హోరెత్తింది. వంపు వణికింది, నిలబడింది.

గార్డులు తాళం పగలగొట్టి దిగేసరికి పిచ్చుకా, మేడమూ చలికి ఒకరినొకరు కరుచుకుని ఉన్నారు. మేడమ్‌కు బేడీలు వేయడం తేలికే, విడదీయడానికే నలుగురు కావాల్సి వచ్చింది.

— ఇంటా బయటా అందరికీ పెద్దమ్మను, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడుండేది చిన్నకూతురింట్లో, మేడ మీది గదిలో.