అతికించిన ముక్క

టెలిఫోన్ బూత్‌లోనే ఇన్‌ఫార్మర్‌ని కాల్చేశారు. రిసీవర్ జారిపోయే ముందు అతను అన్నది ఒకటే మాట: "సంతకాల హాలు... కుక్కలు కూడా పసిగట్టలేవు."

"రేపే ఒప్పందం మీద సంతకాలు. వాళ్లు పెట్టే బాంబుకి వాసన లేదు, లోహం లేదు," అన్నాడు చీఫ్. "ఎలా పట్టుకుంటావ్?"

"కొలిచి," అన్నాడు టేపు.

ఏజెన్సీలో అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. కప్పు అంచు మందం తేలందే కాఫీ తాగడని జోకు. లేజర్ స్కానర్‌ని హాల్లో నిలబెడితే అది గిర్రున తిరిగి గోడలు, కుర్చీలు, స్తంభాలు అన్నిటినీ కోట్ల చుక్కలుగా పట్టేస్తుంది. ఆ చుక్కల బొమ్మను కంప్యూటర్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ అడ్డంగా కోసి కొలుచుకోవచ్చు. నిన్నటి స్కాన్ మీద ఈరోజుది పెడితే గోరంత మార్పున్నా ఎర్రగా కనిపిస్తుంది. లేకపోతే అంతా గ్రీన్.

ఆ సాయంత్రమే టేపు హాలుని ఒకసారి స్కాన్ చేశాడు. మర్నాడు ఉదయం పెట్టుడు మీసం, పసుపు హెల్మెట్‌తో, రిపేర్ల సర్వేయర్ వేషంలో రెండో స్కాన్ మొదలుపెట్టాడు. అప్పుడే ఫిడేలు లోపలికి వచ్చింది. వాద్యబృందంలో ఆమె వాయించేదే ఏజెన్సీలో ఆమె పేరు. శత్రుముఠాలో ఉంటూ మనవాళ్లకు సమాచారం చేరవేసే డబుల్ ఏజెంట్. అందగత్తె. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"స్కాన్ నడుస్తోంది. బయటికెళ్లండి."

"వెళ్తాలెండి. ముందు ఆ మీసం సరిచేసుకోండి, వంకరగా ఉంది," అంటూ ఆమె స్తంభానికి ఆనుకుని నవ్వింది.

టేపు మీసం సర్దుకున్నాడు. వెళ్లమని రెండోసారి అనలేదు.

తీరా డేటా చూస్తే స్తంభం దగ్గర ఆమె ఆకారం చుక్కలు చుక్కలుగా నిలబడి ఉంది. స్కాన్ వేళ ఎవర్నీ రానివ్వకూడదన్నది మొదటి రూలు. చీఫ్ చూస్తే చీవాట్లు తప్పవు. మళ్లీ స్కాన్ చేద్దామంటే అతిథులు వచ్చేస్తున్నారు. ఆమెను చెరిపేశాడు. అక్కడ పడిన ఖాళీలో నిన్నటి స్కాన్‌లోంచి స్తంభం ముక్క తెచ్చి అతికించాడు.

"గ్రీన్ సార్," అన్నాడు రేడియోలో.

కాసేపటికి అతని అక్క వచ్చింది. ఏజెన్సీలో దుబాసీ. స్తంభం పక్క కుర్చీ ఆమెదే. పోతూ పోతూ గొంతు తగ్గించి, "రాత్రంతా నిద్ర లేదురా. నువ్వు చూశావన్నాక ప్రాణం కుదుటపడింది," అంది.

ఆ స్తంభాన్ని టేపు ఈరోజు చూడనే లేదు. చూసింది నిన్నటి స్తంభాన్ని.

వ్యాన్‌లోకి పరుగెత్తి, చెరిపిన చుక్కల్ని వెనక్కి తెచ్చాడు. తెర మీద నడుము ఎత్తులో స్తంభాన్ని అడ్డంగా కోశాడు. ఆమె ఒళ్లు అడ్డుపడ్డచోట ఏమీ లేదు. కానీ మోచేతికీ నడుముకీ మధ్య సందులోంచి కాసిని చుక్కలు పడ్డాయి. అవి ఉండాల్సిన గీత కన్నా వేలి మందం ముందుకు ఉన్నాయి. స్తంభానికి ఎవరో పేలుడు పలక అంటించారు. ఆమె అక్కడ ఆనుకున్నది దాన్ని దాచడానికి. మీసం వంకరన్నది ఒక సాకు.

ఏజెన్సీలో 'గొడుగు తడిసింది' అని ఒక కోడ్ ఉంది. నా రిపోర్టు తప్పు అని అర్థం. ఇంతవరకు దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు.

"సార్... గొడుగు తడిసింది."

"గ్రీన్ అన్నావు."

"అబద్ధం చెప్పాను. ఫిడేలు మనల్ని అమ్మేసింది. లోపల ఉండనిచ్చింది నేనే."

"హాలు ఖాళీ చేయించనా?"

"జనం లేస్తే పేల్చేస్తుంది. నేనే వెళ్తాను."

హాల్లో అక్క ఆఖరి పేరా అనువదిస్తోంది. సంతకాలు కాగానే సంగీతం. ఫిడేలు కమాను ఎత్తి సిద్ధంగా ఉంది. కమాను చివర ఒక నల్ల బటన్, దాని మీద ఆమె బొటనవేలు. టేపు లైట్లు బాగుచేసేవాడిలా పైకి చూస్తూ వేదిక పక్కగా నడిచాడు. మంత్రి పెన్ను కాగితాన్ని తాకింది. బొటనవేలు కదిలింది. టేపు ఆ మణికట్టు పట్టి విరిచాడు. కమాను అతని చేతిలోకి వచ్చింది.

"మీసం ఊడింది," అంది ఫిడేలు పళ్లు బిగబట్టి.

పలకను పెకలించి తీసుకుపోయాక చీఫ్ భుజం తట్టాడు. టేపుకు అది చెంపదెబ్బలా తగిలింది. బయట మెట్ల మీద అక్క కాఫీ తాగుతోంది.

"అక్కా, నేను చూడలేదు. చూశానని చెప్పాను. చీవాట్లకి భయపడి... నీ మొహం చూడలేకపోతున్నాను."

ఆమె కప్పు మెట్టు మీద పెట్టింది.

"అమ్మకి చెప్పనులే," అంది. "కానీ ఇకమీదట నా కుర్చీ చుట్టూ నేనే వంగి చూసుకుంటాను. నువ్వు కాఫీ కప్పులు కొలుచుకో."