పరగడుపు కాఫీ

రెండు వేల తొంభై నాలుగు నాటికి విశాఖపట్నం ఆసుపత్రుల్లో మూలుగు వినపడ్డం మానేసింది. ఎముకల కేన్సరు వార్డులో పేకాట సాగేది. వెన్నుపూసలు అరిగిపోయినవాళ్ల గదిలో అంత్యాక్షరి. కాలు తీసేసిన మర్నాడే మనిషి మంచం మీద కూర్చుని, ఉప్మాలో జీడిపప్పు తక్కువైందని క్యాంటీన్ వాళ్లతో తగాదా పెట్టుకునేవాడు. నొప్పితో మెలికలు తిరిగే రోగిని ఒక్కసారి కూడా చూడని నర్సులు ఉద్యోగాల్లో చేరిపోయారు. పాత సినిమాల్లో ఎవరైనా పొట్ట పట్టుకుని "అబ్బా" అంటే వాళ్లకి నవ్వొచ్చేదట.

ఇదంతా డాక్టర్ వకుళ చలవ. ఆవిడ కనిపెట్టిన పరికరం పేరు ఉపశమని. శనగగింజంత పంపు. దాన్ని మెడ ఎముక కింద, చర్మం లోపల అమరుస్తారు. అందులో పెంచిన జీవకణాలే ఓపియాయిడ్ మందుని, అంటే నల్లమందు జాతి మందుని, తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. మొదటి వారమంతా ఉపశమని పాఠం నేర్చుకుంటుంది. ఈ మనిషికి నొప్పి ఎంత, అది రోజుకెంత మందుకి లొంగుతుంది అని చూసుకుంటుంది. వారం తిరిగాక ఆ మోతాదుకి తాళం పడుతుంది. ఆ తర్వాత దాన్ని వకుళ కూడా మార్చలేదు. మార్చే వీలుంటే జనం ఊరుకుంటారా, సరదాకి మందు పెంచుకుని గాల్లో తేలుతారు. మనుషుల సంగతి తనకి బాగా తెలుసనుకుని ఆవిడే పట్టుబట్టి ఆ తాళం వేయించింది.

లోకమంతా నెత్తిన పెట్టుకుంది గానీ, వకుళ దాన్ని లోకం కోసం కనిపెట్టలేదు. మొగుడి కోసం కనిపెట్టింది. చలపతి రైల్వేలో ఇంజనీరు. నలభై దాటకుండానే వెన్నెముక జబ్బు వచ్చి నడుం కిందంతా చచ్చుబడింది. పైన మాత్రం నిప్పులు పోసినట్టు నొప్పి. ఆ రోజుల్లో ఆయన వకుళ చెయ్యి వదిలేవాడు కాదు. "నువ్వు లేకపోతే నేనేమైపోదునే" అని చంటిపిల్లాడిలా ఏడ్చేవాడు. ఉపశమని మొట్టమొదట అమర్చింది ఆయనకే. నొప్పి పోయింది. దాంతోపాటు చెయ్యి పట్టుకోవడమూ పోయింది. చెయ్యికి బదులు ఆయన మంచం పక్కన ఒక గంట పెట్టించుకున్నాడు.

పదకొండేళ్లుగా ఆ గంట మోగుతూనే ఉంది. దేశాధ్యక్షులతో కరచాలనం చేసిన శాస్త్రవేత్త పొద్దున్నే లేచి ఆయన్ని పక్కకి తిప్పి, తుడిచి, దుప్పట్లు మార్చి, ఫిల్టర్లో డికాక్షన్ దింపి, కాఫీ కలిపి గ్లాసు నోటికి అందించాలి. పనిమనిషి చేతి కాఫీ ఆయనకి పడదు. వంట యంత్రం కలిపింది అసలే పడదు.

"ఇది కాఫీయా, అంట్లు కడిగిన నీళ్లా?" అనేవాడు మొదటి గుక్కకే. "ప్రపంచానికంతా బాధ తీర్చావట. నాకు మాత్రం రోజూ ఈ శిక్ష."

వకుళ ఆయన మూతి తుడిచి మళ్లీ గ్లాసు అందించేది. మాటకి మాట అనడానికి ఓపిక ఉండేది కాదు. నొప్పి లేని మనిషికి బతుకు మీద విసుగు పుట్టదు. ఆయన మొహంలో నిగారింపు చూస్తే ఇంకో నలభై ఏళ్లు సుఖంగా గంట కొట్టేటట్టున్నాడు. ఆ లెక్క వేసుకున్నప్పుడల్లా ఆవిడ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకునేది.

ఆ ఏడాది తుఫానుల కాలంలో ఉపశమని ఉన్నవాళ్లు పదిమంది దాకా నిద్రలో పోయారు. పరిశోధన కేంద్రంలో వకుళ కింద పనిచేసే డాక్టర్ పరంజ్యోతి కంగారుగా వచ్చాడు.

"పంపులు విప్పి చూశామండి. ఎక్కడా లోపం లేదు. ఎప్పటి మోతాదే వదిలాయి. మనుషులే ఊపిరి ఆపేశారు."

వకుళ గోడవైపు తిరిగింది. ఆ గోడలోంచి మాట్లాడేది ఆరా. ఉపశమని ఉన్న లక్షమంది బాగోగులు కనిపెట్టి ఉండే యంత్రం.

"ఆరా, వీళ్లందరికీ ఏమన్నా పోలిక ఉందా?"

"వయసులు వేరు, జబ్బులు వేరు, ఊళ్లు వేరు," అంది ఆరా. "ఒక్కటే పోలిక. చనిపోయిన రోజు వీళ్లెవరూ కాఫీ తాగలేదు. కొందరివి తుఫానుకి రోడ్లు తెగిన ఊళ్లు, పాలూ పొడీ దొరకలేదు. ముగ్గురు ప్రకృతి వైద్యానికి వెళ్లి రాగిజావ తాగుతున్నారు. ఒకాయన కోడలి మీద అలిగి, నీ చేతి కాఫీ తాగనని ఒట్టు పెట్టుకున్నాడు."

పరంజ్యోతి నవ్వబోయి, వకుళ మొహం చూసి మానుకున్నాడు.

సంగతి తేలడానికి ఎన్నో రోజులు పట్టలేదు. మెదడులో ఈ మందు వచ్చి కూర్చోవడానికి కొన్ని స్థానాలున్నాయి. రిసెప్టర్లు అంటారు, గ్రాహకాలన్నమాట. మందు అక్కడ కూర్చుంటేనే నొప్పి అణుగుతుంది. కాఫీ గింజని వేయించినప్పుడు పుట్టే ఒక పదార్థం కూడా సరిగ్గా అక్కడికే పోతుంది. పోయి ఏ పనీ చెయ్యదు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు ఆపుకుంటుందంతే. మందు వచ్చి చూసి, సీటు లేక నిలబడిపోతుంది. నేర్చుకునే వారంలో నొప్పి తగ్గలేదని పంపు ఇంకాస్త మందు పంపుతుంది, ఇంకాస్త పంపుతుంది, ఆ పెరిగిన మోతాదుకే తాళం పడుతుంది. ఏదో ఒక రోజు కాఫీ ఆగితే తువ్వాళ్లన్నీ తీసేసినట్టే. మందంతా ఒక్కసారి ఎగబడి కూర్చుంటుంది. నొప్పితోపాటు ఊపిరి తీయించే కేంద్రం కూడా నిద్రపోతుంది.

"కానీ నేర్చుకునే వారమంతా పరగడుపున రమ్మన్నాం కదా," అంది వకుళ.

"అందరూ పరగడుపునే వచ్చారండి," పరంజ్యోతి తల దించుకున్నాడు. "కాఫీ తాగి వచ్చారు."

అదీ మనవాళ్ల సంగతి. కాఫీ మనకి తిండి కిందకి రాదు. ఏకాదశి ఉపవాసమున్న ఇల్లాలు పూటపూటకీ గ్లాసెడు కాఫీ తాగి, పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదని చెప్పుకుంటుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరికీ తప్పు చేశామనీ తోచలేదు. ఆ వారమంతా వకుళ కూడా చలపతికి కాఫీ పట్టించే కేంద్రానికి తీసుకొచ్చింది, పరగడుపునే ఉన్నాడని తనే రాయించింది. లక్షమందికి కాఫీ మీద మోతాదు కుదిరి, దాని మీద తాళం పడింది.

"పంపులన్నీ మార్చాలి," అంది వకుళ. "ఎన్నాళ్లు పడుతుంది?"

"ఒక్కొక్కరికీ ఆపరేషనే కదండీ. ఏడాది."

"విరుగుడు ఇంజెక్షన్?"

"అది పనిచేసేది గంట. పంపు పోసేది రోజంతా."

అంటే ఆ ఏడాదీ లక్షమంది ప్రాణం పొద్దుటి కాఫీలో, సాయంత్రం కాఫీలో ఉందన్నమాట.

"హెచ్చరిక సిద్ధం చేస్తున్నాను," అంది ఆరా. "ఎవరికి పంపాలి? రోగికా, కాఫీ ఇచ్చేవాళ్లకా?"

"ఇద్దరికీ పంపుదామండి," అన్నాడు పరంజ్యోతి. "వాళ్ల ప్రాణం కదా."

"మంచం మీదున్నవాడు లేచి కలుపుకుంటాడా ఏంటయ్యా? ఊరికే హడలి చస్తాడు. ఇచ్చేవాళ్లకే పంపండి. వాళ్లకి బాధ్యత తెలియాలి."

హెచ్చరిక మాటలు వకుళే కూర్చింది. "మీ రోగికి రెండు పూటలా కాఫీ తప్పనిసరిగా ఇవ్వండి. ఒక్క రోజు మానితే ఆ రాత్రే నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు. నొప్పి, ఆయాసం ఏవీ ఉండవు కనక ముందుగా గుర్తుపట్టడం కష్టం. కాఫీలో కలిపే చికోరీ వేరు పొడి కాఫీలాగే ఉంటుంది గానీ అందులో ఈ గుణం లేదు, దాంతో సరిపెట్టకండి." రోజూ పొద్దున ఆరా ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, కాఫీ ఇచ్చారా అని అడిగే ఏర్పాటు కూడా చేసింది. ఆ సాయంత్రం వకుళ చాలా కాలం తర్వాత తృప్తిగా ఇంటికి వెళ్లింది.

వారం గడిచింది. పరంజ్యోతి వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడ్డాడు. ఆరాయే చెప్పింది.

"ఈ వారంలో చనిపోయినవాళ్లు నాలుగు వందల మంది పైన."

"హెచ్చరిక అందలేదా?"

"అందరికీ అందింది. రోజూ ఫోన్ చేశాను. కాఫీ ఇచ్చారా అంటే ఇచ్చామనే అన్నారు. కానీ పోయినవాళ్ల రక్తంలో కాఫీ జాడ లేదు."

"పొడి కల్తీదేమో," అన్నాడు పరంజ్యోతి. ఆయన మంచివాడు, ఇంకోలా ఆలోచించడం చేతకాదు.

"రాష్ట్రంలో చికోరీ అమ్మకాలు ఈ వారం ఆరింతలయ్యాయి," అంది ఆరా. "ఇంకొకటి గమనించాను. రోగి కొత్తగా మంచం పట్టిన ఇళ్లలో చావులు లేవు. అయిదేళ్లు దాటిన ఇళ్లలో ఉన్నాయి. పదేళ్లు దాటిన ఇళ్లలోనే ఎక్కువ. దీనికి కారణం నాకు అర్థం కాలేదు. మీకు తెలిస్తే చెప్పండి."

వకుళ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"మనుషులా వీళ్లు? కన్నతల్లిని, కట్టుకున్నవాణ్ణి... కాఫీ ఇవ్వండ్రా అంటే, ఇవ్వకపోతే ఏమవుతుందో నేర్చుకున్నారు. వీళ్ల ఇళ్లు తగలెయ్య."

"మనమే నేర్పామండి," అన్నాడు పరంజ్యోతి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నొప్పి తెలియదు, బాధ ఉండదు అని కూడా చెప్పాం."

"ఎల్లుండి నుంచి ప్రతి ఇంటికీ మన మనిషి వెళ్లాలి. ఎదురుగా నిలబడి అసలైన కాఫీ తాగించి రావాలి. ఒక్క ఇల్లు కూడా వదలొద్దు."

"అలాగేనండి. మీ ఇంటికి అక్కర్లేదు కదా."

"అక్కర్లేదు," అంది వకుళ.

ఇంటికి వెళ్తూ దారిలో కారు ఆపించి కొట్లోకి వెళ్లింది. ఈ వారం జనం ఏ రకం చికోరీ కొన్నారో పరీక్షకి నమూనా కావాలి కదా అనుకుంది. నమూనాలు తేవడానికి కేంద్రంలో ఇరవైమంది ఉన్నారన్న సంగతి ఆవిడకి గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు అనడం సబబు.

"ఆఖరి పాకెట్టండి," అన్నాడు కొట్టువాడు. "ఎంత తెప్పించినా చాలట్లేదు. ఈమధ్య అందరికీ దీని మీదికి పోయింది మనసు."

ఆ పాకెట్టు మర్నాడు పొద్దున్న కూడా ఆవిడ సంచీలోనే ఉంది. గంట మోగింది. వెళ్లింది. చలపతిని పక్కకి తిప్పింది, తుడిచింది, దుప్పటి మార్చింది.

"ఏమిటా బండ చేతులు? బస్తా దొర్లించినట్టు దొర్లిస్తావేం," అన్నాడు. మళ్లీ గంట కొట్టాడు, ఆవిడ ఎదురుగానే ఉన్నా. "కాఫీ."

వకుళ వంటింట్లోకి వచ్చి నిలబడింది. ఏడుపు వచ్చింది. నిన్న తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లూ మగవాళ్లూ ఇలాగే స్టవ్ ముందు నిలబడి ఉంటారనిపించింది. ఆరాకి అర్థం కాని కారణం ఆవిడకి నిన్ననే అర్థమైంది, పదకొండేళ్ల నుంచీ తెలుసు. రేపయితే తన కేంద్రం మనుషులు రోడ్లెక్కుతారు, అక్కర్లేదన్నా పరంజ్యోతి మర్యాదకి తన ఇంటికి కూడా ఎవర్నో ఒకర్ని పంపిస్తాడు. కళ్లు తుడుచుకుంది. సంచీలోంచి పాకెట్టు తీసి, పూర్తిగా ఫిల్టర్లో పోసి, మరిగే నీళ్లు పోసింది. డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగింది. పాలు పోసి, పంచదార ఆయనకి కావలసినంత వేసింది.

చలపతి ఒక గుక్క తాగి ఆగాడు. ఆవిడ ఆయన మొహం వైపే చూస్తూ నిలబడింది. ఆయన ఇంకో గుక్క తాగాడు, గ్లాసు ఖాళీ చేశాడు.

"అబ్బ, ఇన్నేళ్లకి నీకు కాఫీ కలపడం వచ్చిందే," అన్నాడు, పెళ్లైన కొత్తలో నవ్వినట్టు నవ్వుతూ. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు కూడా. "సాయంత్రం కూడా ఇలాగే పెట్టు."

"అలాగేనండి."

చెయ్యి మెల్లగా విడిపించుకుని వంటింట్లోకి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"నమస్కారం వకుళగారూ," అంది ఆరా. "చలపతిగారికి ఈ పూట కాఫీ ఇచ్చారా?"

వకుళ గ్లాసు కుళాయి కింద పెట్టి కడుగుతోంది.

"ఇచ్చాను," అంది. "చాలా బాగుందన్నారు."