పన్నెండు గంటలకు పోవాల్సిన పేరు

గుత్తి బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మోగింది. ఉదయం ఎనిమిది దాటింది. బయట బెంచీ మీద కూర్చున్న ఓబుళేసు టీ గ్లాసు పక్కన పెట్టి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

"కదిరిలో వాన పడిందా?" అడిగింది అవతలి గొంతు.

"పడలేదు. మబ్బు మాత్రం పట్టింది."

కోడ్ సరిపోయింది. అవతల ఉన్నది హైదరాబాద్‌లోని చీఫ్.

"విను. ఢిల్లీ నుంచి ఒక లిస్ట్ లీకైంది. శత్రువుల ముఠాల్లో చేరి మనకోసం పనిచేస్తున్న నలభై మంది అసలు పేర్లు. రాత్రి ఒక కొరియర్ దాన్ని ఇక్కడ వాళ్ల పని నడిపే డాక్టర్ వెర్నర్ పెట్టెలో వేసి వెళ్లాడు."

"ఎక్కడుంది ఆ పెట్టె?"

"ఉరవకొండ దగ్గర మిట్ట మీద. గాలి వేగం కొలుస్తామని ఓ కంపెనీ పేరుతో టవర్ నిలబెట్టారు. పెట్టె దాని అడుగున ఉంది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి వాళ్ల శాటిలైట్ నెత్తిమీదికి వస్తుంది. పెట్టె తనంతట తనే లిస్ట్ పంపేస్తుంది. తెరిచి చదివే అధికారం వెర్నర్‌కి కూడా లేదు."

"పెట్టె పగలగొట్టేస్తే?"

"దాని సంగతి మనకు చెప్పిందెవరా అని వెర్నర్ వెతుకుతాడు. వాడి పక్కన ఉన్న మన మనిషి ఒక్కరే."

"కొర్ర," అన్నాడు ఓబుళేసు.

"కొర్రే. అందుకని పెట్టె పన్నెండుకి పంపాల్సిందే. పంపేది మాత్రం మన దొంగ లిస్ట్ కావాలి. నీ ల్యాప్‌టాప్‌లో వేసి పెట్టాం." చీఫ్ గొంతు తగ్గించాడు. "అసలు లిస్ట్‌లో ఏడో పేరు ఆమెది. వనజాక్షి. అదే ఫైలని పోల్చుకోవడానికి చెబుతున్నాను. పని కాగానే మరిచిపో."

చీఫ్ ఫోన్ పెట్టేశాక కూడా ఓబుళేసు రిసీవర్ వదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు జొన్న, ఆమె పేరు కొర్ర. ఆరేళ్లుగా ఆమె సందేశాలు వేరుశనక్కాయల పొట్లాల్లో, సినిమా టికెట్ల వెనకాల అతనికి చేరుతున్నాయి. మనిషిని ఒక్కసారీ చూడలేదు. లాడ్జి గదుల్లో రోజుకో పేరుతో బతికే అతనికి ఉత్తరం రాసే మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. కిందటేడు వచ్చిన ఒక చీటీలో ముఠా సమాచారమంతా అయ్యాక, చివర 'జ్వరం తగ్గిందా' అని ఉంది. రూలు ప్రకారం దాన్నీ కాల్చేశాడు. ఆ రోజంతా అన్నం సహించలేదు.

పదకొండున్నరకు ఓబుళేసు మిట్ట ఎక్కాడు. మాసిన పంచె, నుదుట విభూతి, చేతిలో కొబ్బరికాయ, భుజాన ల్యాప్‌టాప్ సంచీ. బోరుకు పాయింట్ చూసేవాడి వేషం. ఈ సీమలో పోలీసును అనుమానిస్తారు, సాధువును అనుమానిస్తారు, నీళ్లు చూపించేవాణ్ణి మాత్రం ఎవరూ అనుమానించరు.

టవర్ చుట్టూ ముళ్లకంచె. గేటు దగ్గర వాకీటాకీ పట్టుకుని కాపలా మనిషి. పక్కన అతని పెళ్లాం సంగటి గంప దించుకుంటోంది.

"ఏమప్పా, ఎవురు నువ్వు? ఈడికి రాకూడదు," అన్నాడు కాపలా మనిషి.

"పాయింట్లు చూసేవాణ్ణన్నా. కిందూర్లో చూసి వస్తాండా. జల వాలు ఈ మిట్టకే ఎక్కుతాంది. ఎవురిదీ భూమి?"

కాపలా మనిషి మొహం మారిపోయింది. "నాదే. తిప్పయ్య అంటారు నన్ను. ఈ స్తంభానికని ఇంత జాగా తీసుకొని నన్నే కాపలా పెట్టినారు. నాలుగు బోర్లు ఏసినానన్నా. నాలుగూ దుమ్మే."

"గేటు తీస్తే చూస్తా."

"లోపలికి ఎవుర్నీ ఇడవద్దన్నారు దొరలు..."

"దొరలు నీళ్లు తెచ్చిస్తారా?" అంది అతని పెళ్లాం రామసుబ్బమ్మ. "చెప్పులిడిసి నోరు మూసుకోని కూసో. ఆయప్పను చూడనీ."

పాయింట్ చూస్తున్నంతసేపూ పొలంలో ఎవరి కాళ్లకూ చెప్పులుండకూడదు, ఎవరూ పెదవి విప్పకూడదు. పలికితే జల పక్కకు తప్పుకుంటుందని ఆ పక్క నమ్మకం. తిప్పయ్య గేటు తీసి, చెప్పులూ వాకీటాకీ గంప పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఓబుళేసు అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడిచాడు. టవర్ అడుగుకు రాగానే కాయ నిటారుగా లేచి నిలబడింది. ఈ విద్య డిపార్ట్‌మెంట్‌లో నేర్పలేదు. గోరంట్లలో ఒక ముసలాయనకు నెల్లాళ్లు సంచీ మోసి నేర్చుకున్నాడు. రామసుబ్బమ్మ దణ్ణం పెట్టింది. ఎండకు ల్యాప్‌టాప్ తెర కనపడదని సైగ చేస్తే తన కంబళి తెచ్చి కప్పింది కూడా. కంబళి కింద ఓబుళేసు, ల్యాప్‌టాప్, వెర్నర్ పెట్టె మిగిలారు.

టైం పదకొండూ నలభై.

యూఎస్‌బీ కేబుల్ ఒక కొన పెట్టెకూ, రెండో కొన ల్యాప్‌టాప్‌కూ గుచ్చాడు. నల్లటి స్క్రీన్ మీద లైనక్స్ రెండు లైన్లు రాసింది. కొత్త పరికరం దొరికింది. ఆ తీగనే నెట్‌వర్క్‌గా వాడుకోవచ్చు. దాని పేరు యూఎస్‌బీ-జీరో. పేరు పెట్టింది గానీ దానికి అడ్రస్ లేదు. అది చేత్తో ఇవ్వాలి. పెట్టె అడ్రస్ 192.168.7.2 అని పొద్దున చేతికందిన కొర్ర చీటీలో ఉంది. ఓబుళేసు తన వైపు చివరి అంకె ఒకటి పెట్టి పింగ్ కొట్టాడు. పింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, ఉన్నావా అని అవతలి మిషన్‌ను అడగడం.

జవాబు లేదు.

కేబుల్ పీకి మళ్లీ గుచ్చాడు. అడ్రస్ మళ్లీ ఇచ్చాడు. పింగ్. జవాబు లేదు. చెమట కీబోర్డు మీద పడుతోంది. పదకొండూ నలభై ఎనిమిది.

బయట వాకీటాకీ గరగరమంది. "తిప్పయ్యా! రిపోర్ట్!" వెర్నర్ గొంతు. తిప్పయ్య పెళ్లాం వైపు చూశాడు. ఆమె వేలు పెదవుల మీద పెట్టి గుడ్లురిమింది. వాకీటాకీ ఇంకో రెండుసార్లు అరిచి ఊరుకుంది. ఎక్కడో కింద జీపు ఇంజన్ స్టార్టయింది.

ఓబుళేసు కీబోర్డు మీది చెమట తుడిచాడు. పింగ్ బయల్దేరుతోంది, చేరడం లేదు. మరి ఎటు పోతోంది? దారుల పట్టిక తెరిచి చూశాడు. తలకాయ కొట్టుకోవాలనిపించింది. పొద్దున బయల్దేరేముందు లాడ్జిలో ప్రాక్టీసు చేస్తూ ఇవే నంబర్లు ల్యాప్‌టాప్‌లోని ఇంకో నెట్‌వర్క్ పోర్టుకు ఇచ్చి, తీసేయడం మరిచాడు. ఇప్పుడు పింగ్‌లన్నీ తీగే లేని ఆ పోర్టు వైపు పోతున్నాయి. ఒక మనిషి ప్రాణం ఇంత పిచ్చి తప్పు మీద ఆగి ఉంది. ఆ పోర్టును మూసేసి మళ్లీ పింగ్ కొట్టాడు.

జవాబు వచ్చింది. వరసగా, గడియారంలా వస్తూనే ఉంది.

కన్నీళ్లొచ్చాయతనికి. ఎంతో కాలం తర్వాత ఉన్నావా అని అడిగితే ఉన్నాననే జవాబు విన్నాడు, అదీ శత్రువు పెట్టె నుంచి.

కొర్ర చీటీలోని పాస్‌వర్డ్‌తో పెట్టెలోకి వెళ్లి ఫైలు తెరిచాడు. ఏడో లైను: వనజాక్షి. ఇదే. దొంగ లిస్ట్ ఎక్కించడం మొదలుపెట్టాడు. అందులో నలభై పేర్లూ చనిపోయిన ఏజెంట్లవి. పదకొండు మంది అతనికి తెలిసినవాళ్లు, పక్కపక్కన కూర్చుని టీ తాగినవాళ్లు. చచ్చినవాళ్లను వెర్నర్ మనుషులు మళ్లీ చంపలేరు.

పదకొండూ యాభై ఏడు. జీపు గేటు దగ్గర ఆగింది.

"వాట్ ఈజ్ దిస్?" వెర్నర్ బూట్లు టకటకమన్నాయి. "ఎవడు వాడు? కంబళి తియ్!"

"ఆగండి డాక్టర్." ఆడగొంతు. తేనెలా ఉంది, తొణకలేదు. "పాయింట్ చూస్తున్నారు. బూట్లతో లోపలికెళితే ఊరంతా కట్టెలు పట్టుకుని వస్తుంది. ముందు అవి విప్పండి."

"నాన్సెన్స్!"

"దొరా, ఇడువు!" రామసుబ్బమ్మ మౌనం మరిచి లేచింది. "నాలుగు బోర్లు పోయినాయి మాకు. ఈసారి పోతే నీ మీసం పీకుతా." తిప్పయ్య కూడా లేచి గేటుకడ్డంగా నిలబడ్డాడు.

వెర్నర్ తిట్టుకుంటూ వంగాడు. మోకాళ్ల దాకా లేసులున్న బూట్లవి. ఒక్కో ముడీ విప్పుతున్నాడు. కంబళి కింద స్క్రీన్ మీద, ఫైలు ఎంత ఎక్కిందో చూపే గీత మెల్లగా పాకుతోంది. తొంభై శాతం. తొంభై ఏడు. నూరు. దొంగ ఫైలుకు అసలు ఫైలు పేరు పెట్టి, కేబుల్ పీకి, పెట్టె మూత నొక్కాడు. ఆ క్షణంలోనే పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. పన్నెండు.

వెర్నర్ ఒట్టికాళ్లతో ముళ్ల మీద గెంతుతూ వచ్చి కంబళి లాగాడు. విభూతి పెట్టుకున్న మనిషి, ఒళ్లో కొబ్బరికాయ, స్క్రీన్ మీద జలవాలు మ్యాపు. పెట్టె వైపు చూశాడు. పచ్చలైటు. "సెంట్. గుడ్," అని గొణిగి కాల్లో ముల్లు తీసుకోవడానికి వెనక్కి తిరిగాడు.

అప్పుడు ఓబుళేసు ఆమెను చూశాడు. నల్లకళ్లద్దాలు, ఎర్ర పెదవులు, పట్టుచీర, చేతిలో చెప్పులు. నలభై దాటిన మొహం. అలసిపోయిన మొహం.

"ఈ నేలలో కొర్ర బతుకుతుందా, పెద్దాయనా?" అంది.

"బతుకుతాదమ్మా. జొన్న పక్కనే ఉండాది."

కళ్లద్దాల వెనక ఏం కదిలిందో కనిపించలేదు. చెప్పులు వేసుకుని వెళ్లి వెర్నర్ పక్కన జీపెక్కింది. దుమ్ము లేచి సర్దుకునేదాకా ఓబుళేసు అక్కడే నిలబడ్డాడు. ఆరేళ్ల స్నేహం, రెండు మాటలు. పిలవడానికి లేదు, చెయ్యి ఊపడానికీ లేదు. ఇంత ఒంటరితనం అతనికి ఏ లాడ్జిలోనూ తెలియలేదు.

"పాయింటు యాడన్నా?" తిప్పయ్య ఆశగా అడిగాడు.

"లేదన్నా. కాయ లేసింది గానీ మిషన్ ప్రకారం ఈడ నీళ్లు లేవు. ఇంగ బోరు ఏయొద్దు."

తిప్పయ్య పెదవి విరిచాడు. "నీకు సరిగ్గా రాదులే. ఇంగొకాయన్ని పిలుస్తా."

సాయంత్రం గుత్తి బూత్‌లో ఫోన్ మోగింది.

"కంగ్రాట్స్," అన్నాడు చీఫ్. "కొర్ర సేఫ్. ఇంకో నాలుగైదేళ్లు అక్కడే ఉంటుంది. ఇకమీదట ఆమెకు వేరే కాంటాక్ట్. నీకూ ఆమెకూ సంబంధం లేదు."

"సరే సార్."

"ఆ పేరు మరిచిపోయావా?"

"ఏ పేరు సార్?"

"వెరీ గుడ్."

ఓబుళేసు రిసీవర్ పెట్టేసి, వనజాక్షి అని ఒకసారి పైకే అనుకుని బూత్ తలుపు తీశాడు. అబద్ధాలాడడమే ఉద్యోగంగా పద్దెనిమిదేళ్లు సర్వీసు చేసిన మనిషి, సొంత డిపార్ట్‌మెంట్‌తో ఆడిన మొదటి అబద్ధం అది.