నలభై ఒకటో బేలో లేని విమానం

ఆ ఎయిర్‌పోర్టులో నలభై ఒకటో బే పేరెత్తితే చాలు, రెండు బస్తాలు ఒంటిచేత్తో విసిరే లోడర్లు కూడా నీళ్లు నమిలేవారు.

విమానం ఆగే చోటుని అక్కడ బే అంటారు. నలభై ఒకటోది అన్నిటికంటే చివర, ప్రహరీగోడ పక్కన, టెర్మినల్ వెలుతురు అందని మూల. మిగతావన్నీ నిండితే తప్ప అటు విమానాన్ని పంపరు. ఆ మూలకి మూడు నెలలుగా చెడ్డపేరు. అర్ధరాత్రి దాటాక అక్కడ ఎవరూ లేకుండానే విజిల్ వినిపిస్తుందట... చీకట్లో రెండు ఎర్రదీపాలు గాల్లోకి లేచి, రా రమ్మని ఎవరినో పిలుస్తాయట... ఒక ట్రాక్టరు డ్రైవరు అది కళ్లారా చూసి ట్రాక్టరు అక్కడా, ఎడమకాలి బూటు దారిలోనూ వదిలేసి వచ్చాడట. ట్రాక్టరు మర్నాడు ఎవరో తెచ్చారు. బూటు కోసం మాత్రం ఇప్పటికీ ఎవరూ వెళ్లలేదు.

ఈ కబుర్లకి పగలబడి నవ్వే మనిషి ఒక్కతే ఉండేది. రెండో అంతస్తు కంట్రోల్ రూములో కూర్చునే ఆమెని అందరూ నిమిషాలక్క అంటారు.

విమానం వచ్చి ఆగింది మొదలు మళ్లీ కదిలేదాకా నేలమీద జరిగే ప్రతి పనినీ నిమిషాల లెక్కన కనిపెట్టి చూడటమే ఆమె ఉద్యోగం. కళ్లు కెమెరాలవి, నోరు ఆమెది. చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టగానే తెరమీద ఒక గీత పచ్చబడుతుంది. మెట్లబండి తగిలించగానే ఇంకోటి. ఏ గీతయినా ఎర్రబడిందా, ఆమె గొంతు కిందనున్నవాళ్ల వైర్‌లెస్‌లో ఖంగుమంటుంది. ఇంట్లోనూ అదే వరస. మొగుడు స్నానానికి వెళ్తే బయట నిలబడి, "తొమ్మిది నిమిషాలు దాటింది, ఆలస్యానికి కారణం చెప్పండి" అంటుందని వీధంతా చెప్పుకునేవారు.

ఆమె తమ్ముడు కింద విమానాలు ఆగే ర్యాంపు మీద సూపర్వైజరు. అత్తగారు ఇరవై రెండేళ్లుగా విమానాల్లోపల తుడిచి శుభ్రం చేసే ముఠాలో పని. ఇంటిల్లిపాదీ ఆ ఎయిర్‌పోర్టు ఉప్పు తిన్నవాళ్లే.

ఇక ఆ రాత్రి సంగతి.

పొగమంచు. మామూలు మంచు కాదు, చెయ్యి చాపితే వేళ్లు కనిపించని మంచు. బయలుదేరాల్సిన విమానాలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బేలన్నీ నిండిపోయాయి. ఒక్క నలభై ఒకటి తప్ప.

రెండుంబావు అవుతుండగా ఆ ఖాళీ బే గీతల్లో ఒకటి... పచ్చబడింది.

నిమిషాలక్క కళ్లద్దాలు తుడుచుకుంది. చక్రాలకి దిమ్మలు పెట్టారు — అంటోంది తెర. ఏ చక్రాలకి?

ఇంకో గీత. రెక్కల కింద హెచ్చరిక కోన్లు పెట్టారు. ఏ రెక్కల కింద?

మరో రెండు నిమిషాలకి మెట్లబండి తగిలించారు...

అన్నిటికంటే పైన 'విమానం వచ్చింది' అనే గీత మాత్రం ఖాళీగానే ఉంది. విమానం లేదు. విమానానికి చెయ్యాల్సిన సేవలన్నీ జరిగిపోతున్నాయి. అదీ ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా!

భయపడాల్సింది పోయి, ఆమెకి ముందు ముచ్చటేసింది. "ఎవరోగానీ... మా వాళ్లకంటే నయం," అనుకుంది. అంతలోనే ఆ బే గురించి విన్న కబుర్లన్నీ గుర్తొచ్చాయి.

పొగమంచులోనూ వేడిని బట్టి మనుషుల్ని పసిగట్టే కొత్త కెమెరాలు ఆ వారమే పెట్టారు. ఆ బొమ్మ తెరిచి చూసింది. నల్లటి తెరమీద తెల్లటి ఆకారాలు... ఒకటి, రెండు, మూడు... అయిదు. అడుగులో అడుగేస్తూ వరసగా కదులుతున్నాయి.

ఆ బే దీపాల మీట ఆమె బల్లమీదే ఉంది. నొక్కింది.

అయిదు ఆకారాలూ ఒక్కసారి నిలబడిపోయాయి.

మరుక్షణం — ఒక్కటీ లేదు.

నిమిషాలక్క వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుంది. గుసగుసగా అడిగింది, "ఒరేయ్ తమ్ముడూ... నలభై ఒకట్లో మనవాళ్లెవరైనా ఉన్నారా?"

అవతల్నుంచి తమ్ముడు కూడా గొంతు తగ్గించాడు.

"అక్కా... ఆ నంబరు రాత్రిపూట పలక్కూడదు."

సరిగ్గా అప్పుడే వెనకనుంచి డ్యూటీ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఆకాశంలో తిరుగుతున్న విమానంలో ఒక పెద్దాయనకి గుండెనొప్పి. దింపక తప్పదు. ఇరవై రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. అంబులెన్సు సిద్ధం. చోటు మాత్రం ఒక్కటే — నలభై ఒకటి.

"అది ఖాళీ లేదంటోంది సార్, సిస్టమ్."

"ఏముందక్కడ?"

"ఏమీ లేదు సార్. కానీ ఉంది."

మేనేజరు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఉంటే తీయించు. లేకపోతే లేదని చూసి చెప్పు. ఎవరో ఒకరు కళ్లతో చూడందే విమానాన్ని ఆ మంచులోకి పంపను."

తమ్ముణ్ణి వెళ్లమంది. వాడు ముందు నడుం నొప్పన్నాడు, తర్వాత బండిలో డీజిలు లేదన్నాడు, చివరికి, "అక్కా, నాకింకా పెళ్లి కాలేదే," అన్నాడు. వాడి మనుషులంతా మంచులో చిక్కుకుని అవతలి కొసన ఉన్నారు. వాళ్లొచ్చేసరికి అరగంట.

పైన ఎక్కడో ఒక పెద్దాయన గుండె పట్టుకుని కూర్చున్నాడు. నిమిషాలక్కకి నిమిషాల విలువ ఇంకొకరు చెప్పాలా? తన తెరని పక్క సీటాయనకి అప్పగించి, మెట్లు రెండేసి చొప్పున దిగింది. ఆ దిగడంలో ముడి ఊడి జుట్టంతా వీపున పడింది. సరిచేసుకునే తీరికేదీ!

"ఎక్కు బండి," అంది తమ్ముడితో.

"అక్కా..."

"ఎక్కరా! దెయ్యం పట్టుకుంటే ముందు నన్నే పట్టుకుంటుంది. నేను లావు."

జీపు నత్తలా పాకింది. దీపాలు మూరెడు దూరం కూడా పొడవడం లేదు. తమ్ముడు స్టీరింగు మీద గడ్డం ఆనించి, తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు. తెలియనివాళ్లకి, "మీరు కూడా స్వామీ," అని ఉమ్మడిగా ఒక దణ్ణం.

నలభై... పసుపు అంకె నేలమీద వెనక్కి జారింది.

నలభై ఒకటి.

తమ్ముడు బండి ఆపాడు. దిగలేదు. ఆమె దిగింది. చలి. మంచులో తను వెలిగించిన దీపాల వెలుగు పాలు ఒలికినట్టుంది. మెట్లబండి ఒకటి గాల్లోకి తలుపు వెతుక్కుంటున్నట్టు ఒంటరిగా నిలబడి ఉంది. నేలమీద సుద్దతో గీసిన గుండ్రాలు... వాటికి అటూ ఇటూ దిమ్మలు.

మెట్లబండి వెనక ఏదో కదిలింది.

"ఎ... ఎవరది?"

ఊపిరి చప్పుడు వినిపించింది. ఒకటి కాదు... చాలా.

మెల్లగా, చాలా మెల్లగా, రెండు ఎర్రదీపాలు గాల్లోకి లేచాయి.

నిమిషాలక్క కెవ్వుమంది.

ఎర్రదీపాలు అంతకంటే గట్టిగా కెవ్వుమన్నాయి!

దానికి జీపులో తమ్ముడు ఇంకా గట్టిగా అరిచి, భయంలో హారన్ మీద పడ్డాడు. ఆ హారన్‌కి మెట్లబండి వెనకనుంచి నలుగురు ఆడవాళ్లు "అమ్మో! వచ్చేసిందమ్మో!" అంటూ నాలుగు దిక్కులకీ పరుగెత్తి, మంచులో దారి కనపడక, గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడికే వచ్చి ఒకరినొకరు ఢీకొన్నారు.

"జుట్టు విరబోసుకుందే అది! చూడకండే దాని మొహం!" అంటోంది ఎర్రదీపాలు పట్టుకున్న మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని.

ఆ గొంతు నిమిషాలక్కకి తెలుసు. పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే వింటున్న గొంతు.

"...అత్తయ్యా?"

ఒక కన్ను తెరుచుకుంది. "ఓసి నీ దుంపతెగ! నువ్వటే కోడలా!"

తుడిచే ముఠా ఆడవాళ్లు అయిదుగురు. ర్యాంపు పనికి ఆడవాళ్లనీ తీసుకుంటామని కంపెనీ అన్నప్పుడు పేర్లిచ్చారు. పాఠాలు పూర్తయ్యాయి, పరీక్షే మిగిలింది. పగలు సాధన చేస్తే మగవాళ్లు గుమిగూడి ఇకిలిస్తారని, ఈ మూలకి చేరి, సుద్దతో విమానం గీసుకుని, రాత్రిళ్లు విరామంలో లేని విమానానికి సేవలు చేస్తున్నారు. ఎవరూ ఇటు రాకుండా దెయ్యం కబుర్లు పుట్టించిందీ వాళ్లే. ఇందాక దీపాలు వాటంతటవే వెలిగేసరికి, తాము పుట్టించిన దెయ్యమే నిజంగా వచ్చిందని మెట్లబండి చాటుకి దూరి, చలికి విమానంలోంచి తెచ్చిన దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు, అందుకే వేడి కెమెరాకి చిక్కలేదు.

"ఇంట్లో ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"పరీక్ష తప్పితే నువ్వు నవ్వుతావని..." అత్తగారు ఎర్రదీపాల కర్రలు కిందికి దించింది. "ఇరవై రెండేళ్లనుంచీ అందరూ దిగిపోయాక లోపలికెళ్లి ఊడుస్తున్నానే. ఒక్కసారి దానికి ఎదురుగా నిలబడి, రా, ఇలా రా, ఇక ఆగు... అనాలని ఉంది."

ఆ మాటతో నిమిషాలక్కకి విమానం గుర్తొచ్చింది. గడియారం చూసుకుంది. ఏడు నిమిషాలు!

"బే ఖాళీ సార్, పంపండి!" అని పైకి చెప్పింది. అయిదుగురూ క్షణంలో మెట్లబండి వెనక్కి లాగి, దిమ్మలూ కోన్లూ తీసి, గీత బయట నిలబడ్డారు. తమ్ముడు ఎర్రకర్రలు అందుకుని ముందుకెళ్లాడు. విమానానికి దారి చూపే లైసెన్సు వాడిదే. అయితే వాడి చేతులు ఇంకా గాలికి రెపరెపలాడే ఆకుల్లా ఉన్నాయి.

"ఈ వణుకుతో సైగ చేశావంటే విమానం గంతులేస్తుందిరా," అంది అక్క.

తమ్ముడు తన చేతులు చూసుకున్నాడు. తర్వాత అత్తగారి చేతులు చూశాడు. అవి రాయిలా ఉన్నాయి. "శిక్షణ కార్డుందా అత్తయ్యా? అయితే పట్టండి. నేను మీ భుజం పక్కనే ఉంటా. తేడా వస్తే లాక్కుంటా."

మంచు ఎక్కడో దూరంగా గర్జించింది. తెల్లటి గోడ చీల్చుకుని ఒక ముక్కు, తర్వాత రెండు రెక్కలు... అత్తగారు కర్రలు పైకెత్తింది. రా. ఇలా రా. కొంచెం ఎడమ. రా... రా... రెండు కర్రలూ తల పైన అడ్డంగా కలిశాయి.

ఆగు.

అంత పెద్ద విమానం, చెప్పినట్టు విన్న పిల్లలా ఆగిపోయింది.

ఆ తర్వాత అంతా పరుగే. దిమ్మలు, కోన్లు, మెట్లబండి. విమానం ఆగిన మూడో నిమిషానికి తలుపు తెరుచుకుంది. నాలుగో నిమిషానికి పెద్దాయన స్ట్రెచర్ మీద అంబులెన్సు ఎక్కాడు. తెల్లారేసరికి ప్రమాదం తప్పిందని ఆస్పత్రినుంచి కబురొచ్చింది.

నిమిషాలక్క మాత్రం ఆ సేపంతా పక్కనే బిగుసుకుపోయి నిలబడింది. చలికో, భయానికో, సంతోషానికో పళ్లు టకటకమంటుంటే, ముఠాలో ఒకామె తన తెల్ల దుప్పటి తెచ్చి ఆమె భుజాలమీదుగా కాళ్లదాకా కప్పింది.

పొద్దున పరీక్ష పెట్టే ఆఫీసరు వచ్చాడు. రాత్రి జరిగింది నిమిషాలక్క ఏదీ దాచకుండా రిపోర్టులో రాసేసింది. ఉద్యోగాలు ఊడతాయేమోనని అయిదుగురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆఫీసరు కెమెరా రికార్డింగు మొదటినుంచి చివరిదాకా చూశాడు. ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాడు.

"అడక్కుండా బేలో చేరి సాధన చేసినందుకు చీవాట్లు తర్వాత పెడతాను," అన్నాడు. "పని చూశాక ఇంకా పరీక్షేమిటి? అయిదుగురూ పాసయ్యారు."

ఆ గదిలో లేచిన కేకకి కింద టీ కప్పులు ఒలికాయంటారు.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. తెరకి ఇంకా దగ్గరగా జరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

రికార్డింగులో ప్రతి మనిషి చుట్టూ సిస్టమ్ ఒక గడి గీసి, ఏ పని చేస్తున్నారో రాస్తుంది. దిమ్మలు. మెట్లు. కోన్లు. అందరికీ వెనక, మంచు అంచున, కాళ్లు కనపడకుండా ఇంకొకటి నిలబడి ఉంది... తెల్లగా... జుట్టు విరబోసుకుని... ఎంతసేపు చూసినా కదలకుండా. దాని చుట్టూ ఉన్న గడిలో ఉన్నదల్లా ఒక్క ప్రశ్నార్థకం.

"అ... అదేమిటమ్మా?" ఆఫీసరు గొంతు గుసగుసలోకి దిగింది.

నిమిషాలక్క తల దించుకుంది. అత్తగారు ముందుకొచ్చి, కళ్లు చికిలించి తెరలోకి చూసింది.

"భయపడకండి బాబూ," అంది. "దెయ్యం కాదు. మా కోడలు."